హెచ్‌డీ ప్లస్ కొంటే ఛార్జింగ్ ఎక్కువ వస్తుందా? స్క్రీన్ రిజల్యూషన్, బ్యాటరీ అసలు లెక్క

రూ.10 వేల నుంచి రూ.15 వేల మధ్యలో ఫోన్ వెతికే ప్రతి ఒక్కరికీ ఎదురయ్యే సందేహం ఇది. ఒక ఫోన్‌లో 5000 ఎంఏహెచ్ బ్యాటరీ, 6.7 అంగుళాల హెచ్‌డీ ప్లస్ స్క్రీన్. ఇంకొంచెం డబ్బు పెడితే అదే 5000 ఎంఏహెచ్, అదే సైజు, కానీ ఫుల్ హెచ్‌డీ ప్లస్ స్క్రీన్. కౌంటర్ దగ్గర సేల్స్‌మన్ మాత్రం ధీమాగా చెప్పేస్తాడు: "హెచ్‌డీ అయితే రెండు రోజులు వస్తది అన్నా, ఫుల్ హెచ్‌డీ అయితే సాయంత్రానికే డౌన్." ఆ మాటలో కొంత నిజం ఉంది. కానీ ఎంత ఉంది, ఎక్కడ ఉంది అన్నది లెక్క వేసి చూస్తే చాలామంది ఆశ్చర్యపోతారు.

లెక్క గాల్లో వేయకుండా ఒక ఊరిని ముందు పెట్టుకుందాం. రఘునాథపల్లి. జనగామ జిల్లాలో మండల కేంద్రం. హైదరాబాద్-వరంగల్ హైవే మీదే ఉంటుంది, సికింద్రాబాద్-కాజీపేట లైన్‌లో రైల్వే స్టేషన్ కూడా ఉంది. పొద్దున్నే రైలో బస్సో పట్టుకుని ఇటు హైదరాబాద్‌కో అటు వరంగల్‌కో కాలేజీకి, కోచింగ్‌కి, ఉద్యోగానికి వెళ్లి రాత్రికి ఇల్లు చేరే వాళ్లకి ఛార్జింగ్ అంటే సరదా కాదు. టికెట్ ఫోన్‌లోనే, యూపీఐ ఫోన్‌లోనే, చదివే పీడీఎఫ్ ఫోన్‌లోనే, "అమ్మా, బండి లేటు" అని చెప్పాల్సింది కూడా ఫోన్‌లోనే. ఇంకో కారణం ఏంటంటే, ఆ ఊరి పేరు స్క్రీన్ క్వాలిటీకి బ్రహ్మాండమైన పరీక్ష. అదెలాగో కింద చెబుతా.

ముందు పిక్సెల్స్ లెక్క

హెచ్‌డీ ప్లస్ అంటే 720×1600. గుణిస్తే 11 లక్షల 52 వేల పిక్సెల్స్. ఫుల్ హెచ్‌డీ ప్లస్ అంటే 1080×2400, అంటే 25 లక్షల 92 వేలు. క్వాడ్ హెచ్‌డీ ప్లస్ అయితే 1440×3200, ఏకంగా 46 లక్షల 8 వేలు. పేరులో "ఫుల్" అనే ఒక్క మాటే తేడా అనిపిస్తుంది కానీ పిక్సెల్స్ 2.25 రెట్లు పెరుగుతాయి. హెచ్‌డీ ప్లస్ నుంచి క్వాడ్ హెచ్‌డీ ప్లస్‌కి వెళ్తే సరిగ్గా నాలుగు రెట్లు.

మరి బ్యాటరీ ఖర్చు కూడా 2.25 రెట్లు అవుతుందా? కాదు. అసలు దాని దరిదాపుల్లోకి కూడా రాదు. ఎందుకు రాదో అర్థం కావాలంటే కరెంటు ఎక్కడ ఖర్చవుతుందో చూడాలి. అంతకంటే ముందు, ఆ ఎక్కువ పిక్సెల్స్ మన కంటికి ఏమైనా పనికొస్తున్నాయా అన్నది తేల్చుకుందాం. పనికిరాకపోతే ఇక బ్యాటరీ గొడవే అక్కర్లేదు కదా.

కన్ను ఎంతవరకు చూడగలదు?

డాక్టర్ దగ్గర 6/6 చూపు అంటారే, ఆ చూపున్న కన్ను ఒక డిగ్రీలో అరవయ్యో వంతు కోణం వరకు వివరాన్ని విడదీసి చూడగలదు. ఫోన్‌ని 30 సెంటీమీటర్ల దూరంలో పట్టుకుంటే ఆ కోణం 0.087 మిల్లీమీటర్లకి సమానం. అంటే అంగుళానికి సుమారు 290 పిక్సెల్స్ దాటితే చుక్కలు విడివిడిగా కనపడవు. 2010లో ఐఫోన్ 4 వచ్చినప్పుడు స్టీవ్ జాబ్స్ స్టేజీ మీద 300 పీపీఐ అనే అంకె చెప్పడానికి వెనక ఉన్నది ఈ లెక్కే. ఆ ఫోన్ 326 పీపీఐ.

ఇప్పుడు మన 6.7 అంగుళాల స్క్రీన్‌కి వేద్దాం. హెచ్‌డీ ప్లస్ అయితే 262 పీపీఐ. ఫుల్ హెచ్‌డీ ప్లస్ 393. క్వాడ్ హెచ్‌డీ ప్లస్ 524. అంటే 30 సెంటీమీటర్ల దగ్గర హెచ్‌డీ ప్లస్ కొద్దిగా కింద ఉండిపోతుంది, ఫుల్ హెచ్‌డీ ప్లస్ హాయిగా దాటేస్తుంది, క్వాడ్ హెచ్‌డీ ప్లస్‌లో చాలా భాగం కంటికి అందదు. రాత్రి పడుకుని ఫోన్‌ని 20 సెంటీమీటర్ల దగ్గరికి తెచ్చుకునే అలవాటు ఉంటే మాత్రం అవసరం 437కి పెరుగుతుంది. పైగా ఇరవై ఏళ్ల వయసులో చాలామంది చూపు 6/6 కంటే మెరుగ్గానే ఉంటుంది. కాబట్టి "300 దాటితే అంతా ఒకటే" అనే వాదన పూర్తిగా కరెక్ట్ కాదు.

తెలుగు అక్షరం దగ్గరే అసలు పరీక్ష

ఇంగ్లిష్ రివ్యూలు చూసి మనం ఒక విషయం వదిలేస్తాం. వాళ్లు "టెక్స్ట్ షార్ప్‌గా ఉంది" అని రాసేది ఇంగ్లిష్ అక్షరాలు చూసి. ఆ భాషలో చాలా అక్షరాలు నిలువు గీత, అడ్డ గీత, ఒక సున్నా కలిపితే అయిపోతాయి. మన దగ్గర అలా కుదరదు. పైన గుడి, మధ్యలో అక్షరం, కింద ఒత్తు. మూడంతస్తుల మేడ.

"రఘునాథపల్లి" అని మీ ఫోన్‌లో చిన్న ఫాంట్‌లో టైప్ చేసి చూడండి. ఘ ఉంది, దానికి కొమ్ముంది. థ ఉంది: లోపల చుక్క, కింద గీత. ఆ చుక్క మాయమైతే అది ధ అయిపోతుంది, కింద గీత కూడా పోతే ద. చివర్లో ల్లి: పైన గుడి, కింద ల ఒత్తు. స్టేషన్ బోర్డు మీద పసుపు రంగు పైన అడుగు ఎత్తు అక్షరాల్లో ఉన్నప్పుడు ఏ ఇబ్బందీ లేదు. అదే పేరు రైలు టైమింగ్స్ యాప్‌లో చిన్న అక్షరాల్లో వచ్చినప్పుడు చూడాలి.

ఆండ్రాయిడ్‌లో స్క్రీన్ వెడల్పుని 360 యూనిట్లుగా తీసుకుంటే, 14 సైజు ఫాంట్‌కి హెచ్‌డీ ప్లస్‌లో నిలువునా 28 పిక్సెల్స్ దొరుకుతాయి. ఫుల్ హెచ్‌డీ ప్లస్‌లో 42. క్వాడ్ హెచ్‌డీ ప్లస్‌లో 56. ఆ 28లోనే గుడి, అక్షరం, ఒత్తు సర్దుకోవాలి. థ లోపలి చుక్కకి మిగిలేది ఒకటో రెండో పిక్సెల్స్. అంచులు నున్నగా కనపడాలని ఫోన్ ఆ చుట్టుపక్కల బూడిద రంగు పూస్తుంది కాబట్టి చుక్క కాస్తా మసక అవుతుంది. "విద్యార్థి" అని రాయాలా "విద్యార్ధి" అని రాయాలా అని మనలో సగం మందికి డౌటు ఉండటానికి ఇలాంటి స్క్రీన్లు కూడా ఒక చెయ్యి వేశాయేమో!

వాట్సాప్ మెసేజ్‌లకి ఇది పెద్ద సమస్య కాదు. మాట ముందు వెనకా చూసి మెదడే నింపేసుకుంటుంది. సమస్య ఎక్కడొస్తుందంటే పీడీఎఫ్ దగ్గర. గ్రూప్స్‌కో పోలీస్ కానిస్టేబుల్‌కో ప్రిపేర్ అవుతున్న వాళ్ల ఫోన్ నిండా తెలుగు మీడియం పీడీఎఫ్‌లే. అవి ఎ4 పేజీలు, వెడల్పు 210 మిల్లీమీటర్లు. 6.7 అంగుళాల ఫోన్ నిలువుగా పట్టుకుంటే స్క్రీన్ వెడల్పు దాదాపు 70 మిల్లీమీటర్లు. అంటే పేజీ మూడో వంతుకి కుంచించుకుపోతుంది. 12 పాయింట్ల అక్షరం 4 పాయింట్లు అవుతుంది. హెచ్‌డీ ప్లస్‌లో ఆ మొత్తం అక్షరానికి, గుడి ఒత్తులతో సహా, దొరికేది 14 పిక్సెల్స్ పైచిలుకు మాత్రమే. ఫుల్ హెచ్‌డీ ప్లస్‌లో సుమారు 22. "రాష్ట్రం", "లక్ష్మి" లాంటి మాటలు 14 పిక్సెల్స్‌లో చదవడం అంటే ఊహించుకోవడమే. అందుకే జూమ్ చేస్తాం, పక్కకి జరుపుతాం, మళ్లీ జూమ్ చేస్తాం. ఒక్కో లైనుకి ఇదే పని.

హెచ్‌డీ ప్లస్ ఫోనే చేతిలో ఉంటే ఒక చిట్కా: ఫోన్‌ని అడ్డంగా తిప్పండి. వెడల్పు 155 మిల్లీమీటర్లు అవుతుంది, అక్షరం 4 పాయింట్ల నుంచి దాదాపు 9 పాయింట్లకి పెరుగుతుంది. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా రిజల్యూషన్ రెట్టింపు దాటినట్టే.

సరే, కరెంటు ఎవరు తింటున్నారు?

స్క్రీన్ విషయంలో ఖర్చు రెండు చోట్ల జరుగుతుంది. ఒకటి వెలుగు పుట్టించడానికి. రెండోది బొమ్మ తయారు చేసి స్క్రీన్‌కి పంపడానికి. రిజల్యూషన్ పెరిగితే ప్రధానంగా పెరిగేది రెండోది. కానీ పెద్ద ఖర్చు మొదటిది. అపోహలన్నీ పుట్టేది ఇక్కడే.

ఎల్‌సీడీ స్క్రీన్‌లో వెనకాల ఎల్‌ఈడీ లైటు ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది. పిక్సెల్స్ దాని ముందు కిటికీ తలుపుల్లా తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంటాయి. నల్ల సినిమా సీన్ వచ్చినా తెల్ల వెబ్ పేజీ వచ్చినా వెనక లైటు ఖర్చు దాదాపు ఒకటే. అయితే ఒక మెలిక ఉంది. ప్రతి పిక్సెల్‌కి సొంత ట్రాన్సిస్టర్లు, తీగలు ఉంటాయి, అవి వెలుగుకి అడ్డం. పిక్సెల్స్ చిన్నవై సంఖ్య పెరిగే కొద్దీ అడ్డం పెరుగుతుంది, బయటికొచ్చే వెలుగు తగ్గుతుంది. అంతే వెలుగు కావాలంటే వెనక లైటు ఇంకా గట్టిగా వెలగాలి. ఎల్‌సీడీలో ఎక్కువ రిజల్యూషన్‌కి నిజమైన రేటు కట్టాల్సి వచ్చేది ఇందుకే.

అమోలెడ్‌లో ప్రతి చుక్కా తనంతట తాను వెలుగుతుంది. నలుపు అంటే ఆరిపోయిన చుక్క. ఇక్కడ ఖర్చుని నిర్ణయించేది ఎన్ని చుక్కలు ఉన్నాయన్నది కాదు, మొత్తం మీద ఎంత వెలుగు బయటికి వస్తోంది అన్నది. ఒక గదిలో పది పెద్ద బల్బులకి బదులు ఇరవై చిన్న బల్బులు పెట్టి అంతే వెలుగు తెప్పిస్తే కరెంటు బిల్లు డబుల్ అవ్వదు కదా, అలాగన్నమాట.

ఇక బొమ్మ తయారీ. ఒక స్క్రీన్ బొమ్మని జీపీయూ గీసి మెమరీలో పెడుతుంది, అక్కడి నుంచి డిస్‌ప్లే చిప్ చదివి ప్యానెల్‌కి పంపుతుంది. పిక్సెల్స్ 2.25 రెట్లు అయితే ఈ రవాణా అంతా 2.25 రెట్లు అవుతుంది. ఇది నిజమైన ఖర్చే. కానీ మీరు ఒక పేజీ కదలకుండా చదువుతున్నప్పుడు జీపీయూ కొత్తగా గీసేది ఏమీ ఉండదు, నిద్రపోతుంది. స్క్రోల్ చేసినప్పుడు, గేమ్ ఆడినప్పుడు లేస్తుంది. 2015లో మొబికామ్ సదస్సులో వచ్చిన ఒక పరిశోధన పత్రం ఇదే అంశం మీద. కన్ను దూరంగా ఉందా దగ్గరగా ఉందా అని అల్ట్రాసౌండ్‌తో కొలిచి, దానికి తగ్గట్టు రిజల్యూషన్‌ని అప్పటికప్పుడు తగ్గించే సిస్టమ్ తయారు చేశారు. రిజల్యూషన్ సగం చేసినప్పుడు ఒక్కో ఫ్రేముకి పట్టే శక్తి సగటున 30 శాతం తగ్గింది. బాగుంది కదా? కానీ గుర్తుంచుకోండి, అది ఫ్రేములు తయారవుతున్నప్పటి మాట. రోజంతటి బ్యాటరీ మాట కాదు.

సెట్టింగ్స్‌లో రిజల్యూషన్ తగ్గిస్తే?

శాంసంగ్ గెలాక్సీ ఎస్7కి ఆండ్రాయిడ్ నౌగట్ అప్‌డేట్‌తో ఈ ఆప్షన్ వచ్చింది. 2017లో గెలాక్సీ ఎస్8 అయితే 2960×1440 ప్యానెల్ పెట్టుకుని కూడా బాక్సులోంచి తీయగానే 2220×1080లో నడిచేది. కొన్నవాళ్లలో ఎంతమంది మళ్లీ పెంచుకున్నారో కానీ, పెంచని వాళ్లు తేడా కనిపెట్టలేకపోయారు అనుకుంటా.

చాలామంది అనుకునేది ఏంటంటే, రిజల్యూషన్ తగ్గిస్తే కొన్ని పిక్సెల్స్ ఆరిపోతాయని. ఒక్కటి కూడా ఆరదు. ప్యానెల్ మీద ఉన్న ప్రతి పిక్సెల్ యథాతథంగా వెలుగుతుంది. మారేది ఒక్కటే: జీపీయూ చిన్న బొమ్మ గీస్తుంది, దాన్ని సాగదీసి పెద్ద ప్యానెల్ మీద పరుస్తారు. వెలుగు ఖర్చు అలాగే ఉంటుంది, తయారీ ఖర్చు మాత్రం తగ్గుతుంది. గేమ్‌లలో అయినా పెద్దగా కలిసొస్తుందా అంటే, చాలా గేమ్‌లు ఎలాగూ తమ సొంత రెండరింగ్ రిజల్యూషన్‌లోనే గీసుకుంటాయి, ఫోన్ సెట్టింగ్‌తో వాటికి పెద్ద సంబంధం లేదు. గేమ్ లోపలి గ్రాఫిక్స్, ఫ్రేమ్ రేట్ తగ్గిస్తే వచ్చే లాభం దీనికంటే ఎక్కువ.

కంపెనీలు చేసిన ప్రయోగాలు

ఈ చర్చకి నాకు నచ్చిన ఉదాహరణ 2018 నాటి ఐఫోన్లు. ఎక్స్‌ఆర్, ఎక్స్‌ఎస్ మ్యాక్స్ ఒకే ఏడాది, ఒకే ఎ12 చిప్‌తో వచ్చాయి. ఎక్స్‌ఆర్ స్క్రీన్ 828×1792, ఎక్స్‌ఎస్ మ్యాక్స్ 1242×2688. గుణించి భాగిస్తే సరిగ్గా 2.25 రెట్లు. మన హెచ్‌డీ ప్లస్, ఫుల్ హెచ్‌డీ ప్లస్ మధ్య ఉన్న తేడానే! బ్యాటరీ చూస్తే ఎక్స్‌ఆర్‌ది 2942 ఎంఏహెచ్, మ్యాక్స్‌ది 3174. అయినా యాపిల్ చెప్పిన లెక్కల్లో ఇంటర్నెట్ వాడకం ఎక్స్‌ఆర్‌కి 15 గంటలు, మ్యాక్స్‌కి 13. చిన్న బ్యాటరీ ఎక్కువసేపు వచ్చింది.

"చూశారా, రిజల్యూషన్ మహిమ" అనేయొచ్చు. తొందరపడొద్దు. ఎక్స్‌ఆర్ 6.1 అంగుళాలు, మ్యాక్స్ 6.5. ఎక్స్‌ఆర్ ఎల్‌సీడీ, మ్యాక్స్ ఓలెడ్. వెబ్ పేజీలు ఎక్కువగా తెలుపు కాబట్టి అక్కడ ఓలెడ్‌కి ఖర్చెక్కువ. అదే వీడియో లెక్క చూడండి: 16 గంటలు, 15 గంటలు. తెలుపు తగ్గేసరికి తేడా గంటకి వచ్చేసింది. పిక్సెల్స్ తేడా మాత్రం రెండు చోట్లా 2.25 రెట్లే. కాబట్టి ఆ రెండు గంటల్లో రిజల్యూషన్ వాటా ఎంతో విడిగా చెప్పలేం కానీ, మొత్తం క్రెడిట్ దానిది కాదన్నది ఖాయం.

మన మార్కెట్‌కి దగ్గరి ఉదాహరణ షావోమీ ఎంఐ ఎ3. 2019 ఆగస్టులో రూ.12,999 నుంచి మొదలైంది. అంతకుముందు ఎంఐ ఎ2లో ఫుల్ హెచ్‌డీ ప్లస్ ఎల్‌సీడీ ఉంటే, ఎ3లో అమోలెడ్ పెట్టారు కానీ 720×1560కి దించేశారు. సోషల్ మీడియాలో గొడవ గొడవ. కోపంలో న్యాయం ఉంది. ఇలాంటి అమోలెడ్ ప్యానెళ్లలో ఎరుపు, నీలం చుక్కలు ఆకుపచ్చ చుక్కల్లో సగమే ఉంటాయి. కాగితం మీద 280 పీపీఐ అని ఉన్నా, ఎరుపు నీలాలకి వచ్చేసరికి అది 200 దగ్గర ఆగుతుంది. చిన్న రంగు అక్షరాల అంచులు గరుకుగా కనపడేది అందుకే. బ్యాటరీ మాత్రం బాగా వచ్చేది, నిజం. కానీ ఎ2లో 3000 ఎంఏహెచ్ స్థాయి బ్యాటరీ ఉంటే ఎ3లో 4030 పెట్టారు. మూడో వంతు పెద్ద ట్యాంకు పెట్టి మైలేజీ పెరిగిందంటే ఎలా?

పై అంచున సోనీ కథ. 2015లో ఎక్స్‌పీరియా జెడ్5 ప్రీమియం 5.5 అంగుళాల్లో 4కే స్క్రీన్‌తో వచ్చింది, 800 పీపీఐ పైనే. కానీ ఫొటోలు, వీడియోలు తప్ప మిగతా అంతా 1080పీలోనే గీసి సాగదీసేది. అంటే ఆ పిక్సెల్స్ పూర్తిగా వాడితే ఖర్చు భరించడం కష్టమని తయారు చేసిన వాళ్లకే తెలుసు. చివరికి 2024లో ఎక్స్‌పీరియా 1 మార్క్ 6 దగ్గర 4కే వదిలేసి ఫుల్ హెచ్‌డీ ప్లస్‌కి వచ్చేశారు, దాంతోపాటు 1 నుంచి 120 హెర్ట్జ్ మధ్య మారే ప్యానెల్ పెట్టారు. మంచి పని చేశారనే నా అభిప్రాయం.

హెర్ట్జ్ సంగతి మర్చిపోతున్నాం

ఇప్పుడు రూ.10 వేల ఫోన్ డబ్బా మీద కూడా 120 హెర్ట్జ్ అని పెద్ద అక్షరాలు. కింద చిన్న అక్షరాల్లో హెచ్‌డీ ప్లస్. సెకనుకి ఎన్ని పిక్సెల్స్ పంపాలో చూద్దాం. హెచ్‌డీ ప్లస్ 120 హెర్ట్జ్‌లో సుమారు 13.8 కోట్లు. ఫుల్ హెచ్‌డీ ప్లస్ 60 హెర్ట్జ్‌లో 15.6 కోట్లు. దాదాపు సమానం! అంటే హెచ్‌డీ ప్లస్ తీసుకుని ఆదా చేశాం అనుకున్న పిక్సెల్స్ అన్నీ 120 హెర్ట్జ్ ఆన్ చేయగానే తిరిగి ఖర్చు పెట్టేశాం. పైగా అక్షరం మసకగానే మిగిలింది.

క్వాడ్ హెచ్‌డీ ప్లస్ 120 హెర్ట్జ్ అయితే 55 కోట్లు. 2020లో గెలాక్సీ ఎస్20 సిరీస్‌లో ఈ రెండూ ఒకేసారి పెట్టనివ్వలేదు. 120 కావాలంటే ఫుల్ హెచ్‌డీ ప్లస్‌కి దిగాల్సిందే. మరుసటి ఏడాది ఎస్21 అల్ట్రాలో స్క్రీన్ కదలనప్పుడు 10 హెర్ట్జ్ దాకా తగ్గే ఎల్‌టీపీఓ ప్యానెల్ పెట్టాకే రెండూ కలిపి ఇచ్చారు. బడ్జెట్ ఎల్‌సీడీ ఫోన్లలో ఎల్‌టీపీఓ ఉండదు. అందుకే దూర ప్రయాణం రోజు 60కి దించుకోవడం అర్థవంతమైన పని.

ఎండలో ఏమవుతుంది?

ఇప్పుడు మళ్లీ రఘునాథపల్లికి వద్దాం. మే నెల, మధ్యాహ్నం, ప్లాట్‌ఫాం మీద నీడ దొరకలేదు. నేరుగా ఎండలో వెలుతురు లక్ష లక్స్ దాకా ఉంటుంది, ఆఫీసు గదిలో 500 చుట్టూ. ఆటో బ్రైట్‌నెస్ ఏం చేస్తుంది? స్లయిడర్‌ని పైదాకా తోసేస్తుంది. ఇదే అసలు దొంగ.

2021లో పర్డ్యూ యూనివర్సిటీ వాళ్లు ఓలెడ్ ఫోన్ల మీద డార్క్ మోడ్ పరీక్షించారు. బ్రైట్‌నెస్ 30 నుంచి 50 శాతం ఉన్నప్పుడు డార్క్ మోడ్ వల్ల ఆదా 3 నుంచి 9 శాతమే. అదే 100 శాతం దగ్గర 39 నుంచి 47 శాతం. దీని అర్థం డార్క్ మోడ్ గొప్పదనే కాదు. ఫుల్ బ్రైట్‌నెస్‌లో స్క్రీన్ వెలుగే ఫోన్ ఖర్చుని మింగేస్తోందని.

ఒక లెక్క వేద్దాం, అంకెలు సులువు కోసం అనుకున్నవే. 5000 ఎంఏహెచ్ బ్యాటరీని 3.85 వోల్టులతో గుణిస్తే 19.25 వాట్ అవర్లు. స్క్రీన్ ఆన్‌లో ఉన్నప్పుడు ఫోన్ సగటున 2 వాట్లు తీసుకుంటుంది అనుకుందాం: 9 గంటల 37 నిమిషాలు. తక్కువ రిజల్యూషన్ వల్ల మొత్తం ఖర్చు 5 శాతం తగ్గిందనుకుందాం: 10 గంటల 8 నిమిషాలు. అరగంట లాభం. ఇప్పుడు ఎండలో బ్రైట్‌నెస్ పెరిగి ఇంకో వాట్ తోడైంది అనుకుందాం: 6 గంటల 25 నిమిషాలు. మూడు గంటలు పోయాయి. అరగంట కోసం అక్షరం మసక చేసుకుని, మూడు గంటలు మింగే స్లయిడర్ వైపు చూడకపోవడం మనం చేసే పని.

దీనికి వేడి తోడు. యాపిల్ తన ఫోన్లకి 0 నుంచి 35 డిగ్రీల మధ్య వాడమని చెబుతుంది. మన దగ్గర వేసవిలో 40 దాటడం మామూలే. వేడెక్కితే ఫోన్ తనంతట తానే బ్రైట్‌నెస్ తగ్గించేస్తుంది, లిథియం బ్యాటరీ కూడా త్వరగా ముసలిదవుతుంది. రెండేళ్ల వాడకం తర్వాత బ్యాటరీ సామర్థ్యం 80 శాతానికి పడిపోతే పోయిన 20 శాతాన్ని ఏ రిజల్యూషన్ సెట్టింగూ తిరిగి తేలేదు. రైల్లో సిగ్నల్ వస్తూ పోతూ ఉంటే మోడెమ్ పడే అవస్థ వేరే. పాటలు, వీడియోలు ఇంటి దగ్గరే డౌన్‌లోడ్ చేసుకుని బండెక్కేవాళ్లు తెలివైనవాళ్లు.

వీడియో గురించి ఒక్క మాట. మొబైల్ డేటా మీద చాలామంది చూసేది 480పీ. అందులో పిక్సెల్స్ సుమారు 4 లక్షల 10 వేలు. హెచ్‌డీ ప్లస్ స్క్రీన్ మీద అదే వీడియో పట్టే చోటు 1280×720, అంటే 9 లక్షల 20 వేలు. స్క్రీన్‌లో సగానికి కూడా సరిపడా వివరం వీడియోలో లేదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ మొదట్లో నెట్‌వర్క్ మీద భారం తగ్గించడానికి మన దేశంలో స్ట్రీమింగ్ కంపెనీలు మొబైల్ డేటా మీద 480పీ దాటనివ్వలేదు, గుర్తుందా? కేవలం వీడియోల కోసమే ఫోన్ అయితే ఫుల్ హెచ్‌డీ ప్లస్ కోసం అప్పు చేయక్కర్లేదు.

మరి ఏది కొనాలి?

చదువుకునే ఫోన్ అయితే, ముఖ్యంగా తెలుగు పీడీఎఫ్‌లు చదివేవాళ్లు, 6.5 అంగుళాలు దాటిన స్క్రీన్‌లో ఫుల్ హెచ్‌డీ ప్లస్ కంటే తక్కువకి వెళ్లొద్దు. బ్యాటరీ భయంతో అసలే వద్దు. అమ్మకో నాన్నకో అయితే వాళ్లు ఫాంట్ పెద్దది పెట్టుకుంటారు, ఫోన్‌ని దూరంగా పట్టుకుంటారు. 40 సెంటీమీటర్ల దగ్గర 220 పీపీఐ చాలు, హెచ్‌డీ ప్లస్ నిశ్చింతగా తీసుకోవచ్చు. మిగిలిన డబ్బు ఎక్కువ నిట్స్ ఉన్న మోడల్ మీద పెట్టండి. పత్తి చేలో నిలబడి స్క్రీన్‌కి చెయ్యి అడ్డం పెట్టుకుని చూసే మనిషికి కావాల్సింది వెలుగు, పిక్సెల్స్ కాదు. అమోలెడ్ హెచ్‌డీ ప్లస్ అని కనపడితే కొనే ముందు షాపులోనే చిన్న ఫాంట్‌లో "రఘునాథపల్లి" టైప్ చేసి చూసుకోండి. ఫ్లాగ్‌షిప్‌లో క్వాడ్ హెచ్‌డీ ప్లస్ ఉంటే ఫుల్ హెచ్‌డీ ప్లస్‌లోనే వదిలేయండి, మీ కళ్లకి తేడా తెలిస్తే అప్పుడు పెంచుకోవచ్చు.

మీరే పరీక్షించాలనుకుంటే

ఫుల్ హెచ్‌డీ ప్లస్ ఫోన్‌ని కంప్యూటర్‌కి కలిపి, డెవలపర్ ఆప్షన్స్‌లో యూఎస్‌బీ డీబగ్గింగ్ ఆన్ చేసి, ఏడీబీ ద్వారా డబ్ల్యూఎం సైజ్ కమాండ్‌తో 720×1600 ఇవ్వొచ్చు. రూట్ అక్కర్లేదు. దాంతోపాటు డబ్ల్యూఎం డెన్సిటీని కూడా మూడింట రెండు వంతులకి తగ్గించాలి, 480 ఉంటే 320. లేకపోతే ఐకాన్లు భూతద్దంలో చూసినట్టు అవుతాయి.

ఆటో బ్రైట్‌నెస్ ఆపేయండి, స్లయిడర్ ఒకచోట పెట్టి కదపొద్దు. ఏరోప్లేన్ మోడ్ ఆన్. రెండుసార్లూ 80 శాతం దగ్గరే మొదలుపెట్టండి. డౌన్‌లోడ్ చేసిన ఒకే వీడియో రెండు గంటలు, మర్నాడు ఒకే పీడీఎఫ్ స్క్రోల్ చేస్తూ ఒక గంట. ఒక్క శాతం అంటే 50 ఎంఏహెచ్ కాబట్టి పదిహేను నిమిషాల టెస్టుతో ఏమీ తేలదు. ఒకటి రెండు శాతాల తేడా వస్తే అది కొలతలో వచ్చే తప్పే, రిజల్యూషన్ ఘనత కాదు. వరుస మార్చి మళ్లీ చేయండి, ఫోన్ వేడిగా ఉన్నప్పుడు మొదలుపెట్టొద్దు.

అయిపోయాక సైజ్ రీసెట్, డెన్సిటీ రీసెట్ రెండూ కొట్టి, డెవలపర్ ఆప్షన్స్ ఆఫ్ చేయండి. అవి ఆన్‌లో ఉంటే కొన్ని బ్యాంకింగ్ యాప్‌లు తెరుచుకోవు. ఆ సంగతి మర్నాడు పొద్దున టికెట్ కౌంటర్ ముందు, వెనక క్యూ ఉన్నప్పుడు తెలిస్తే బాగోదు.